వేలూరు కోటలో విడిది చేసిన రాచకుటుంబాలు

పాతకాలపు ప్రభువుల భవనాలలో ఒక రాత్రి బస చేసి రావడం ఈ రోజులలో ఒక వేడుక అయినది. హైదరాబాదులో వికారుల్ ఉమ్రా అనే పైగా ప్రభువు కట్టించుకొన్న ఫలక్‌నుమా భవనం 2010 నుండి హోటలుగా నడుస్తున్నది. ఆ భవనానికి అతిథిగా వచ్చిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు అది ఎంతగానో నచ్చి, చివరకు ఆయన సొంతమే అయినది. జపాను దేశంలో ఓజు అనే ఊరి కోటలో 2020 నుండి యాత్రికులకు రాత్రి విడిది ఏర్పాటు చేసినారు. ఒకప్పుడు అక్కడి ప్రభువు నిలిచిన చోట నేడు సొమ్ము చెల్లించిన గృహస్థు నిద్రపోతాడు. తెల్లవారితే మూట సర్దుకొని ఇంటికి పోతాడు.

అట్టి వేడుకకు తగిన కోట మన ఉత్తరార్కాటు సీమలోనూ ఒకటి ఉన్నది. ఐతే అందులో రాత్రి పడుకోవడానికి ఎవరికీ అనుమతి లేదు. అది పురావస్తుశాఖవారి సంరక్షణలో ఉన్నది. పూర్వం అక్కడ విడిది చేసిన రాచకుటుంబాలలో పెక్కింటికి మూట సర్దుకొని ఇంటికి పోయే భాగ్యం కలుగలేదు. అదే వేలూరు కోట. మన పెద్దలు దానిని రాయవేలూరు అని పిలిచేవారు. అక్కడ రాయలవారు ఉండినందుననే ఊరికి ఆ పేరు నిలిచినది.

చెన్నపట్నం నుండి బెంగుళూరికి పోయే పెద్దరోడ్డున కాంచీపురం దాటిన పిమ్మట కావేరిపాక్కం వస్తుంది. బస్సులో కూర్చున్నవారికి అక్కడ కంటికి ఆనేది పెద్ద చెరువు. తొమ్మిదవ శతాబ్దిలో పల్లవరాజు మూడవ నందివర్మ దానిని త్రవ్వించినాడని చెప్తారు. ఈ సీమలోని పెద్ద చెరువులలో అది ఒకటి. ఈ ఊరు 2019 దాకా వేలూరు జిల్లాలో ఉండినది, ఇప్పుడు రాణిపేట జిల్లాలో చేరినది. చెన్నపట్నం నుండి ఆర్కాటుకు పోయే సేనలన్నిటికీ ఇది దారి. 1752లో ఇక్కడి మామిడితోపులో ఫ్రెంచివారి ఫిరంగులు పొంచి ఉండగా, రాబర్టు క్లైవు సేన సాయంవేళ ఆ ఉచ్చులో పడినది. చీకటిలో కొందరిని చుట్టుదారిన తోపు వెనుకకు పంపి, వెన్నెల వెలుగున ఆ ఫిరంగులను పట్టుకొన్నారు. ఆర్కాటు నవాబుగిరీ కోసం పోరాడుతున్న చందాసాహేబు కుమారుడు రజాసాహేబు ఆ రాత్రితో దెబ్బతిన్నాడు. చెరువుకట్ట మీద నిలుచున్న వానికి ఇక్కడ ఇంత జరిగినదని తోచనే తోచదు. అంత ప్రశాంతంగా ఉంటుంది. ఆ దారినే మరి కొంత దూరం పోతే పాలారు ఒడ్డున ఆర్కాటు, దాని తరువాత వేలూరు.

బొమ్మినాయకుని కోట

పదునారవ శతాబ్దిలో విజయనగర సామంతుడైన చిన్నబొమ్మి నాయకుడు ఈ కోటను వృద్ధికి తెచ్చినాడు. నల్లరాతి బురుజులు, చుట్టూ వెడల్పైన అగడ్త, లోపల జలకంఠేశ్వరస్వామి ఆలయం, ఆ ఆలయపు కల్యాణమండపంలో కళ్లు చెదిరే శిల్పం. ఇవి నేటికీ చెక్కుచెదరక ఉన్నవి. కోటలోపలి ఆవరణ నూట ముప్పై ఎకరాలకు పైమాటే.

ఈ బొమ్మినాయకునికి కత్తి పట్టడమే గాక పండితుని గుర్తించడం కూడా తెలియును. ఆరణి దగ్గర అడయపాలెంలో పుట్టిన అప్పయ్య దీక్షితులవారు ఆయన ఆశ్రయంలో ఉండి శివార్కమణిదీపిక రచించినారు. నాయకుడు ఆయనకు కనకాభిషేకం చేసి, ఐదువందలమంది విద్యార్థులకు ఆ గ్రంథం చెప్పించే ఏర్పాటు చేసినాడని శాసనం చెప్పుతున్నది. కోటకు మొదటి యజమాని అట్టివాడు. తరువాతి వారికి అంత నిశ్చింతగా రోజులు వెళ్లలేదు.

మైలబట్టల మూటలో రాకుమారుడు

1565లో తళ్లికోట యుద్ధంతో విజయనగరం కూలిపోయినది. అరవీటివారు రాజధానిని పెనుగొండకు, పిదప చంద్రగిరికి మార్చుకొన్నారు. వారిలో గొప్పవాడు రెండవ వెంకటపతిరాయలు. ఆయన బొమ్మినాయకుని కుమారుడు లింగమనాయకుని ఓడించి వేలూరు తీసుకొన్నాడు. అప్పటి నుండి ఇది తెలుగు రాయల నివాసం అయినది. అంతటి ప్రభువుకు కన్నకొడుకు లేకపోయినాడు. ఒక రాణి మాత్రం ఒక పసివానిని తన బిడ్డ అని చెప్పి పెంచుతూ ఉండినది. రాయలకు ఆ మాట మీద నమ్మకం లేదు. 1614లో మరణశయ్య మీద ఉండి, తన అన్న కొడుకు శ్రీరంగరాయలకు ఉంగరం ఇచ్చి రాజ్యం అప్పగించి కన్నుమూసినాడు.

ఆ రాణి గొబ్బూరివారి ఆడపడుచు. ఆమె వంశంవాడు జగ్గరాయడు మరి ఇద్దరు ప్రభువులను కలుపుకొని, కొత్త రాయలను భార్యాబిడ్డలతో సహా కోటలోనే నిర్బంధించి, ఆ పసివానికి పట్టం కట్టినాడు. తక్కిన సామంతులు చాలమంది బలమున్న వైపుకు తల వంచినారు. ఒక్కడు వంచలేదు. ఆయన వెలుగోటి యాచమనాయకుడు. వెంకటగిరి రాజులు ఆ వెలుగోటి వంశంవారే.

యాచమనాయకుడు కోట వెలుపల దండు దించి, లోపలివారిని విడిపించే మార్గం కోసం వెదికినాడు. చెరలో ఉన్నవారి బట్టలు ఉతకడానికి ఒక చాకలి రోజూ కోటలోనికి పోయి వస్తుండేవాడు. శ్రీరంగరాయల రెండవ కుమారుడు రాముడు పన్నెండేండ్లవాడు. ఆ చాకలి ఆ పిల్లవానిని మైలబట్టల మూటలో దాచి, కావలివారి కళ్ల ఎదుటనే బయటికి తెచ్చి యాచమనాయకునికి అప్పగించినాడు. పట్టుబడితే తల దక్కదని ఆ చాకలికి తెలియకపోలేదు. ఇంత సాహసం చేసినవాని పేరు ఎవరూ వ్రాసిపెట్టలేదు. సింహాసనాలకై కొట్టుకొన్నవారి పేర్లన్నీ చరిత్రలో ఉన్నవి. వంశాన్ని నిలబెట్టినవాడు మాత్రం "ఒక చాకలి" అనే రెండు మాటలతో సరిపెట్టుకోవలసివచ్చినది.

తక్కినవారిని విడిపించే యత్నాలు ఫలించలేదు. అవి బయటపడగా జగ్గరాయడు ఇక ఉపేక్షించలేదు. కత్తి ఎవరిది అయినా చావు తప్పదని తెలిసిన శ్రీరంగరాయలు తన చేతులతోనే భార్యను, బిడ్డలను చంపి తానూ చచ్చినాడు. ఈ దారుణం జరిగిన కొద్దికాలానికే, 1616లో, బర్రాదాస్ అనే పోర్చుగీసు పాదిరి దీనిని జాబుగా వ్రాసినాడు. రాబర్టు సివెల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రలో ఆ జాబు చేరినది. మన తెలుగులో వెలుగోటివారి వంశావళి ఉన్నది. దానిని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చువేసినది. ఇంటిలోని కథను పరాయివాని జాబునుండి కూడా తెలుసుకోవలసి రావడం మనకు కొత్త కాదు గదా.

ఆ తరువాత పోరు దక్షిణానికి పాకినది. తంజావూరు రఘునాథనాయకుడు రాముని పక్షం వహించినాడు. మధుర, జింజి నాయకులు జగ్గరాయని వైపు నిలిచినారు. తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో జరిగిన యుద్ధంలో జగ్గరాయడు చచ్చినాడు. మూటలో బయటపడిన పిల్లవాడు రామదేవరాయలుగా పట్టాభిషిక్తుడై 1632 దాకా ఏలినాడు. జగ్గరాయని తమ్ముని కూతురినే పెండ్లాడి ఆ పగను చల్లార్చవలసివచ్చినది. ఇరుపక్షాలలోనూ పోరాడినవారు తెలుగు ప్రభువులే. ఈ అంతఃకలహంలో ఆరిపోయిన బలం మళ్లీ చేరలేదు. రామదేవుని తరువాత రెండు తరాలు గడవక ముందే బిజాపూరు, గోలకొండ సేనలు ఈ సీమను పంచుకొన్నవి. చివరి రాయలు మూడవ శ్రీరంగడు 1645లో ఇంగ్లీషు కంపెనీవారికి చెన్నపట్నపు స్థలాన్ని ఖాయపరచినాడు. కోట చేతులు మారి, 1678లో మరాఠాలకు, పిదప మొగలాయీలకు, నవాబు బంధువులకు పోయి, పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషువారి వశమైనది.

టిప్పు కుటుంబం

ఇంగ్లీషువారికి ఈ కోట మంచి సాధనంగా దొరికినది. ఓడిపోయిన రాచకుటుంబాలను గౌరవంగా నిర్బంధించడానికి ఇంత అనువైన చోటు మరి లేదు. చుట్టూ అగడ్త, చెన్నపట్నానికి దగ్గర, ఆర్కాటులో గుర్రపుదళం. 1799 మేలో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పుసుల్తాను చనిపోగానే ఆయన కుమారులను, అంతఃపుర స్త్రీలను ఇక్కడికే తెచ్చినారు. నేడు టిప్పు మహలు, హైదరు మహలు, బాదుషా మహలు, బేగం మహలు అని పిలువబడే కట్టడాలు ఆ విడిదికి గుర్తులు.

1806 జూలై 9న టిప్పు కుమార్తెలలో ఒకరి పెండ్లి. ఆ పెండ్లి సందడి అణగిన రాత్రే, 10వ తేదీ తెల్లవారుజామున, కోటలోని మన సిపాయీలు తిరుగబడినారు. కారణం తలపాగాతో మొదలైనది. కొత్త ఉత్తరువు ప్రకారం బొట్టు, నామం పెట్టరాదు, చెవిపోగులు తీయవలెను, గడ్డం గీయవలెను, తోలుతో చేసిన కుచ్చు ఉన్న టోపీ వంటి తలపాగా ధరించవలెను. హిందువుకూ, ముసల్మానుకూ ఇది ఒకేమారు తగిలిన దెబ్బ. వందకు పైగా తెల్ల సైనికులు చచ్చినారు. టిప్పు జెండా బురుజు పైకి ఎక్కినది. పొద్దెక్కేలోగా ఆర్కాటు నుండి కర్నల్ గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి కోట తిరిగి పట్టుకొని కొన్ని వందలమంది సిపాయీలను చంపించినాడు. సిపాయీలను ఆ ఉత్తరువుతో రెచ్చగొట్టిన పాపం సేనాధిపతి క్రాడక్కుకూ, గవర్నరు బెంటింకుకూ చుట్టుకొని ఇద్దరినీ వెనుకకు పిలిపించినారు. టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు తరలించినారు. 1857కు యాభై ఏండ్ల ముందే జరిగిన ఈ తిరుగుబాటుకు గుర్తుగా 2006లో తపాలాశాఖవారు బిళ్ల వెలువరించినారు.

కాండీ నుండి వచ్చిన నాయకరు

టిప్పువారు ఖాళీ చేసిన కోటకు పదేండ్లకే మరొక రాచకుటుంబం వచ్చినది. మనబోటి ప్రవాసులు ముఖ్యంగా చదువవలసిన ఘట్టం ఇదే.

సింహళద్వీపంలోని కాండీ రాజులకు మధుర నాయకుల ఇంటి పిల్లలను తెచ్చుకొని పెండ్లాడే వాడుక ఉండినది. 1739లో వీరనరేంద్రసింహుడు చనిపోగా రాణి తమ్ముడు శ్రీవిజయరాజసింహుడు గద్దెనెక్కినాడు. అక్కడి నుండి నలుగురు నాయకరు రాజులు కాండీని ఏలినారు. వీరి మూలం తెలుగు. విజయనగరం పంపగా మధురకు పోయి, అక్కడ తమిళం అలవరచుకొని, కాండీ చేరి సింహళభాషలో రాజ్యం నడిపినారు. మూడు చోట్లకు వలస, మూడు భాషలు.

వీరిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1747 నుండి 1782 దాకా ఏలినాడు. ఆయన బౌద్ధానికి చేసిన సేవ మరి ఏ స్థానిక రాజూ చేసి ఉండడు. ద్వీపంలో భిక్షువుల దీక్షాపరంపర తెగిపోయి ఉండగా, 1753లో సయాము నుండి థేరులను పిలిపించి దానిని పునరుద్ధరించినాడు. నేడు అక్కడి బౌద్ధ సంఘంలో సయాము నికాయం అంటే ఆనాటి ఫలమే. ఇంత చేసినా 1760లో కొందరు సర్దారులు ఆయనపై కుట్ర పన్నినారు. రాజు ఇంకా విభూతి పెట్టుకొంటాడని వారి ఆక్షేపణ. ఎంత కలిసిపోయినా వలసవచ్చినవాని నొసటి బూడిదను లోకం చూస్తూనే ఉంటుంది.

కడపటివాడు శ్రీవిక్రమరాజసింహుడు. చిన్ననాటి పేరు కన్నసామి. 1798లో పద్దెనిమిది ఏండ్ల వయస్సులో రాజైనాడు. నేడు కాండీకి అందం తెచ్చిన నడిఊరి సరస్సు ఆయన త్రవ్వించినదే. సర్దారులతో వైరం ముదిరి, ఇంగ్లీషువారి పక్షానికి పోయిన ఎహెలెపొల అనే మంత్రి భార్యను, పసిబిడ్డలను 1814లో చంపించినాడు. ఈ క్రూరత్వాన్ని ఎవరూ సమర్థింపలేరు. మరుసటి ఏడు ఇంగ్లీషువారు కాండీ ప్రవేశించగా ఆయన కోసం కత్తి పట్టినవారు కనబడలేదు. 1815 మార్చి 2న సర్దారులు, ఇంగ్లీషువారు వ్రాసుకొన్న ఒడంబడికలో రాజును తొలగించడంతో ఆగలేదు. ఆయన బంధువులైన మగవారు ఎవరూ అనుమతి లేక కాండీ సీమలలో అడుగుపెట్టరాదని కూడా వ్రాసినారు. ఒక్కని తప్పుకు కులమంతా దేశాంతరం. ఇక ఎహెలెపొల మాట ఏమైనది? ఇంగ్లీషువారు ఆయననూ నమ్మక మారిషస్ ద్వీపానికి పంపివేసినారు. 1829లో అక్కడనే పోయినాడు.

1816 జనవరిలో రాజును రాణులతో సహా ఓడ ఎక్కించి చెన్నపట్నానికి తెచ్చి, వేలూరు కోటకు చేర్చినారు. ఆయన ఉండిన ఇంటిని కాండీ మహలు అంటారు. పూర్వీకులు ఏ తెలుగు రాయల కొలువు నుండి దక్షిణానికి పోయినారో, ఆ రాయల కడపటి కోటలకే వారి సంతతి ఖైదీగా తిరిగి వచ్చినది. ఇంటికి వచ్చినట్లే గాని ఇల్లు కాదు. పదునారేండ్లు అక్కడ గడిపి 1832 జనవరి 30న ఆయన చనిపోయినాడు. కుమారుడు 1843లో సంతతి లేక పోయినాడు. ఆయన సింహాసనం ఇంగ్లాండుకు పోయి, 1934లో సింహళానికి తిరిగి వచ్చినది. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉన్న చోట తమిళనాడు ప్రభుత్వంవారు 1990లో ముత్తుమండపం కట్టించినారు.

మనకు చెప్పే మాట

వేలూరుకు మన తెలుగువారు నేడు రోజూ వస్తూనే ఉన్నారు. ఎక్కువమంది వచ్చేది వైద్యానికి. ఐడా స్కడ్డర్ అనే అమెరికా దొరసాని 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఈనాడు దేశమంతటా పేరెన్నిక గన్నది. డాక్టరు చీటీ కోసం రెండు మూడు రోజులు ఊరిలో బస చేసేవారు సాయంత్రం ఒక గంట కోట వైపు నడిస్తే చాలును. జలకంఠేశ్వరస్వామి ఆలయంలో కొన్ని శతాబ్దులు మూర్తి లేక, ఇంగ్లీషువారి కాలంలో మందుగుండు కొట్టుగా కూడా వాడబడి, 1981లో స్వామి మళ్లీ ప్రతిష్ఠింపబడినాడు. గుడి, మసీదు, క్రైస్తవ దేవళం మూడూ ఆ ఒక్క ప్రాకారంలోనే ఉన్నవి. ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల కూడా అక్కడనే ఉన్నది.

ఇది ఎంతో దూరపు కథ కాదు. 1911 దాకా చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లా. అప్పటివరకు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. గుడియాత్తం మగ్గాల దగ్గర, కావేరిపాక్కం చెరువుక్రింది పొలాలలో నేటికీ తెలుగు వినబడుతుంది. గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు ఊరేగే పండుగ నాడు చిత్తూరు వైపు నుండి కూడా జనం వస్తారు. ఎల్లలు మనుషులు గీసినవి. అమ్మవారు వాటిని చూచుకోదు.

మూడు రాచకుటుంబాలు ఈ కోటలో విడిది చేసినవి. అరవీటివారిని తమలోని కలహం తిన్నది. టిప్పువారిని శత్రువు తెచ్చి ఉంచినాడు. నాయకరులను తాము ఏలిన దేశమే బయటికి పంపినది. రాతిగోడలు ఎవరినీ కాపాడలేదు. కాపాడినది ఒక యాచమనాయకుని మాట నిలకడ, ఒక చాకలి గుండెధైర్యం. మనవంటి ప్రవాసులకు కోటలు లేవు, సేనలు లేవు. మనకు ఉన్న సంఘం చిన్నది. అందులోనూ పదవుల కోసం జగ్గరాయలు తయారైతే చేతిలో ఉన్నది పోవడానికి ఎంతోకాలం పట్టదు. పొట్టకూటికై వచ్చిన దేశానికి కీర్తిశ్రీవలె సేవ చేద్దాము. మన నొసటి బొట్టును, నోటి మాటను విడువక ఉందాము. కాండీవారికి కాలక్రమాన తెలుగు జారిపోయినది. మన ఇండ్లలో ఎన్ని తరాలు నిలుస్తుందో అది మన పిల్లలతో రాత్రి భోజనాల దగ్గర మనం మాట్లాడే మాట మీద ఆధారపడి ఉన్నది.

ఈ వేసవి సెలవులలో ఊరికి పోయేవారు, తిరుపతికి గాని బెంగుళూరికి గాని ఆ దారిన పోయేటప్పుడు, వేలూరులో ఒక రాత్రి ఆగండి. పొద్దున్నే పిల్లలను అగడ్త ఒడ్డుకు తీసుకొనిపోయి, బట్టల మూటలో దాగి బయటపడిన రాకుమారుని కథ తెలుగులో చెప్పండి. పేరు తెలియని ఆ చాకలికి మనం చెల్లింపగల ఋణం అంతకన్న లేదు.